షెన్యాంగ్‌లో మార్షల్ జాంగ్ బంగళా: పిల్లల్ని చూడ్డానికి పోయినోళ్లు ఒక పూట దీనికి పెట్టుకోండి

మన కర్నూల్, అనంతపురం, కడప సైడు నుంచి ఎంబీబీఎస్‌కని చైనా పోయిన పిల్లలు ఎంతమందో చెప్పాల్సిన పని లేదు, వీధికొకరు తేల్తారు. వాళ్లను చూడ్డానికి పోయే అమ్మానాయినలది కూడా అందరిదీ ఒకటే రూటు, కాలేజీ గేటు ముందర ఫోటో, రూములో కుక్కర్ పెట్టి పప్పన్నం, ఆ తర్వాత బీజింగ్ పోయి పెద్ద గోడ ఎక్కి దిగి మోకాళ్లు పట్టుకోని ఇంటికి. షెన్యాంగ్‌లో పిల్లలుండే వాళ్లకు నేను చెప్పేదేందంటే, ఆ ఊరి నడిమధ్యలో ఒక ఇల్లుంది, దాన్ని చూడకుండా రావద్దండి. మార్షల్ జాంగ్ బంగళా అని మీ పిల్లల్ని అడిగితే తెలుస్తుంది. తెలీదు అంటే ఇన్నేండ్లు అక్కడ ఏం చదివినారో అది కూడా తెలుస్తుంది. నేనైతే ఐదుకి నాలుగున్నర ఇస్తా, ఆ అర ఎందుకు పట్టుకున్నానో మధ్యలో వస్తుంది.

బంగళా అంటే ఒక బిల్డింగు అనుకునేరు. మొత్తం స్థలం 5.3 హెక్టార్లు, అంటే మన లెక్కలో 13 ఎకరాలు. 1914లో కట్టడం మొదలుపెట్టి ఆయన బతికున్నన్నాళ్లు, ఆ తర్వాత కొడుకు కాలంలో కూడా కడతానే ఉన్నారు, అందుకే ఒక్కో మూల ఒక్కో రకం. మధ్యలో చైనా పద్ధతిలో వాకిలి వెనక వాకిలి ఉండే తొట్టికట్టు ఇల్లు, పక్కన తోటలో చిన్న మేడ, దాని వెనక యూరోపోళ్ల స్టైల్లో బూడిద రంగు ఇటుకల పెద్ద మేడ, పడమటి పక్క ఎర్ర ఇటుకల బిల్డింగులు వరసగా, గోడ బయట కొడుకు ప్రేమించిన అమ్మాయికి వేరే ఇల్లు, ఆ పక్కనే వాళ్ల సొంత బ్యాంకు. అవును, సొంత బ్యాంకే.

ఇంత కట్టినాయన ఎవురంటే జాంగ్ జువోలిన్ అని, 1875లో పుట్టినాడు, బీద కుటుంబం, చదువు అంతంతమాత్రం. 1894లో జపాన్‌తో యుద్ధం వస్తే గుర్రపుదళంలో చేరినాడు, అది అయిపోయినాక ఊరి సైడుకొచ్చి ఒక గుంపు కట్టినాడు. గుంపు పనేందంటే పల్లెల్ని దొంగల నుంచి కాపాడేది, కాపాడినందుకు పల్లెల దగ్గర డబ్బులు తీసుకునేది, ఇంక ఎవురు దొంగ ఎవురు కావలి అనేది ఆ పొద్దు పరిస్థితిని బట్టి. 1902లో అక్కడి రాజుల సర్కారు ఆ గుంపు మొత్తాన్ని సైన్యంలో కలిపేసుకుంది. ఇంక అక్కడ్నుంచి ఆయన్ని పట్టుకునేవాడే లేడు, మంచూరియా, అంటే చైనా ఈశాన్య భాగం అంతా ఆయన చేతికిందికి వచ్చింది, 1927లో బీజింగ్‌లో కూర్చోని గ్రాండ్ మార్షల్ అని పేరు కూడా పెట్టుకున్నాడు. మనిషి చూస్తే సన్నగా, పొట్టిగా ఉంటాడు ఫోటోల్లో, మీసాలు ఒక్కటే పెద్దవి.

ఇది చదువుతాంటే మన పాలెగాళ్లు గుర్తుకు రాకపోతే మీరు సీమోళ్లే కాదు. ఊరికి కావలి కాసేది వాళ్లే, కావలి రొక్కం వసూలు చేసేది వాళ్లే. 1800లో నిజాం మన జిల్లాల్ని కంపెనీకి ఇచ్చేసినాక మన్రో దొర వచ్చి ఎనభై మంది పాలెగాళ్లను అణిచేసినాడని చిన్నప్పట్నుంచి వింటానే ఉన్నాం కదా, చైనాలో సర్కారు అణచకుండా యూనిఫాం ఇచ్చింది, అంతే తేడా. కాబట్టి నేను ఆ ఇంటిని మ్యూజియం మాదిరి చూడలేదు, పాలెగాడి ఇల్లు మాదిరి చూసినా. అంటే ఇంట్లోకి ఎవుర్ని ఎంతవరకు రానిస్తారు, ఎవురు యాడ కూర్చుంటారు, ఎవురు యాడ నిలబడతారు, ఆడోళ్లు యాడుంటారు, తప్పు చేసినోన్ని ఏ రూములోకి పిలుస్తారు. అట్ల చూస్తే ప్రతి గోడా మాట్లాడతాది. అట్ల కాకుండా బోర్డులు చదువుకుంటా పోతే పేర్లన్నీ ఒకే రకంగా ఉండి గంటకే తలనొప్పి వస్తాది.

గేటు బయట ఖాళీ జాగాలో మిలిటరీ డ్రెస్సులో కొడుకు విగ్రహం ఉంటుంది, జనమంతా ఆడనే ఫోటోలు. మా ఆవిడ కూడా ఆడ నిలబడి, "ఎవురికీ ఈ విగ్రహం, మనమెందుకు నవ్వాల" అంటానే ఫోటో దిగింది. గేటుకు ఎదురుగా పెద్ద అడ్డగోడ, తలుపుల మీద పాతకాలం సేనాపతుల బొమ్మలు ఇద్దరివి, వాళ్లు కాపలా దేవుళ్లంట. తలుపు దాటితే మొదటి వాకిలి. ఇక్కడ కాపలా వాళ్లు, లెక్కలు రాసేవాళ్లు, టెలిఫోన్ వాళ్లు, వచ్చినోళ్ల పేరు లోపలికి చెప్పే గుమాస్తాలు. రెండో వాకిలిలో దొర ఆఫీసు, ఆయన మనుషుల్ని కలిసే రూము, ఆయన పడక. మూడో వాకిలి ఇంటి ఆడోళ్లది, బయట మగపురుగు రానీయరు. ఆరుగురు పెండ్లాలు, పద్నాలుగు మంది పిల్లలు, ఎనిమిది మంది కొడుకులు ఆరుగురు కూతుర్లు. బిల్డింగులు ఇన్నెందుకని అడిగినోళ్లకు ఇదే జవాబు.

ఆ వాకిళ్లలో నిదానంగా నిలబడి తలెత్తి చూడండి. దూలాల కొసలకు రంగులు, చెక్క మీద చెక్కుడు, గోడ అడుగున రాతి మీద పువ్వులూ జంతువులూ, ఒక్కో రాయి ఒక్కో రకం. మా ఊర్లో రాయి కొట్టేవాళ్ల పని చూసి పెరిగినోన్ని, బేతంచెర్ల బండల మధ్య తిరిగినోన్ని, ఉలి ఎంత లోతుకు దిగిందో వేలుతో తడిమితే తెలుస్తాది నాకు. తాడు అవతల నుంచే చూడాల కాబట్టి తడమలేదు కానీ, ఆకు ఈనెల అంచు కూడా అరగకుండా ఇంకా నిలిచి ఉందంటే ఆ పని చేసిన మనిషి కూలి మీద చేసిన పని కాదది.

రూముల్లో మైనం బొమ్మలు పెట్టినారు, దొర కుర్చీలో కూర్చోని ఉంటాడు, ఎదురుగా గుమాస్తా. పిల్లలకు బాగుంటుంది, ఆడ గుంపు వదలరు. నాకు మాత్రం ఖాళీ కుర్చీ ఉంటేనే మనిషి కనపడతాడు, బొమ్మ కూర్చుంటే బొమ్మే కనపడతాది. అర మార్కు అందుకే, ఇది నా గుణం, మీకు నచ్చచ్చు.

ఇప్పుడు చిన్న మేడ. దీన్ని అసలు తొందరగా దాటేయద్దండి. 1918లో ఐదో భార్య కోసం తోటలో కట్టించినాడు, రెండంతస్తులు, పెద్ద మేడ ముందర ఆనుతాదా ఆనదా అన్నట్టు ఉంటుంది. దొర చచ్చిపోయింది ఇక్కడే. 1928లో చైనా జాతీయవాదుల నాయకుడు చియాంగ్ కైషేక్ సైన్యం మీదికొస్తాంటే బీజింగ్ వదిలేసి రైలెక్కి సొంతూరికి వస్తాండాడు, జూన్ 4 తెల్లవారుజామున ఇంక ఊరు వచ్చేసింది అనంగా, జపాన్ వాళ్ల రైలు లైను పైన పోతాది, ఈయన రైలు ఆ వంతెన కింద నుంచి రావాల, సరిగ్గా ఆడ బాంబు పేలింది. పెట్టించింది అక్కడ తిష్ట వేసిన జపాన్ సైన్యంలో కోమోటో అనే కర్నలు. వాళ్ల సర్కారుకు చెప్పకుండా వాళ్ల ఆఫీసర్లే చేసిన పని. రక్తంలో ఉన్న మనిషిని కార్లో వేసుకోని ఈ చిన్న మేడకు తెచ్చినారు, కొన్ని గంటల్లోనే ప్రాణం పోయింది.

అసలు కథ ఆ తర్వాత. మనిషి పోయినాడని బయటికి తెలిస్తే జపాన్ వాళ్లు అదే సందు చూసుకోని ఊర్లో దిగుతారు, పెద్ద కొడుకు చూస్తే ఊర్లో లేడు. అందుకని దొర బతికే ఉన్నాడు, దెబ్బలు తగిలినాయి అంతే అని పేపర్లకు చెప్పినారు. జూన్ 21 దాకా చావు బయటికి రాలేదు. అన్నిరోజులు ఐదో భార్య ఇంటిని నడిపిందంట. టైముకు భోజనం రూములోకి పోతాంది, డాక్టరు వచ్చి చూసి మందులు రాసి పోతాండాడు, జపాన్ కాన్సులు భార్య పలకరింపు పేరుతో కనుక్కోవడానికి వస్తే ఈమె పట్టుబట్టలు కట్టుకోని ముఖానికి పౌడరు పూసుకోని నవ్వుతా ఎదురుపోయిందంట. లోపల రూములో మొగుడు శవం. ఈలోగా కొడుకు మామూలు సిపాయి వేషంలో సైనికుల రైల్లో ఊరికి చేరుకున్నాడు. అక్కడ చదువుకునే మా పాప ఇది చెప్తాంటే మా ఆవిడ ఆ రూము గడప దగ్గర్నుంచి కదల్లేదు. తర్వాత తోటలో బెంచీ మీద కూర్చోని, "ఆరుగురిలో ఆయన రాజ్యం నిలబెట్టింది ఈమే, విగ్రహం మాత్రం కొడుక్కి" అనింది. నేనేం మాట్లాడతా.

రూము చిన్నదే. పది మంది పోతే నిండిపోతాది. మేము ముందు ఒక టూర్ వాడి గ్రూపులో కలిసి వచ్చినాం, వాడు చిన్న జెండా పైకెత్తుకోని పరుగులు, ఈ మేడ ముందర నిలబడి రెండు ముక్కలు చెప్పి టైమైంది పదండి అంటాడు, వాని కన్ను అంతా మధ్యాహ్నం మమ్మల్ని తోలుకుపోవాల్సిన షాపు మీదుంది. మేము మధ్యలోనే వాన్ని వదిలేసి సొంతంగా తిరిగినాం. పేరు చెప్పను గానీ ఒక మాట, మీ బిడ్డకు చైనా భాష వచ్చినప్పుడు గ్రూపులు ఎందుకు, మన పిల్లలు పేషెంట్లతో మాట్లాడాలని రోజూ నేర్చుకునే భాషే కదా, అక్కడి ముసలోళ్లతో గడగడా మాట్లాడేస్తారు.

పెద్ద మేడ 1922లో అయిపోయింది. మూడంతస్తులు, ముందర రాళ్లు పేర్చిన గుట్ట, దాంట్లో నడిచిపోయే దారి. ఆ కాలంలో ఊర్లో ఇదే ఎత్తు, పైన బాల్కనీ నుంచి చూస్తే ఊరంతా కనపడేదంట, ఇప్పుడు చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచినాయి. కింద అంతస్తులో పులుల హాలు ఉంది. నిజం పులులే, చచ్చినాక గడ్డి కుక్కి నిలబెట్టిన మాదిరివి రెండు, పక్కన సోఫాలు. వచ్చినోన్ని ఆ పులుల మధ్య కూర్చోబెట్టి మాట్లాడేది అన్నమాట. అర్థమైంది కదా ఎందుకో.

అయితే ఈ హాలుకు పేరొచ్చింది తండ్రి వల్ల కాదు, కొడుకు వల్ల. కొడుకు పేరు జాంగ్ షుయేలియాంగ్, 1901లో పుట్టినాడు, తండ్రి పోయేనాటికి 27 ఏళ్లు. సోకులు, కార్లు, డ్యాన్సులు, మార్ఫిన్ అలవాటు కూడా ఉండేది, ఈ పిల్లోడు ఏం చేస్తాడులే అనుకున్నారు తండ్రి కాలం నాటి పెద్దమనుషులు. అందులో యాంగ్ యూటింగ్ అని ఒకాయన, తుపాకుల ఫ్యాక్టరీ ఆయన చేతిలోనే ఉండేది, చిన్నదొరను ముఖం మీదే చిన్నపిల్లోన్ని చేసి మాట్లాడేవాడంట. 1929 జనవరి 10న ఆయనా, ఆయన మనిషి చాంగ్ యిన్‌హువాయ్ ఇద్దరూ వచ్చి రైల్వే మీద కొత్త ఆఫీసు పెట్టాల, కాగితం మీద సంతకం పెట్టు అని కూర్చున్నారు. రాత్రి చూద్దాం, భోంచేసి పోండి అన్నాడు చిన్నదొర. ఇంట్లో తింటాం అని పోయి మళ్లీ వచ్చినారు. ఈ పులుల హాల్లో కూర్చున్నారు. పోలీసు అధికారి మనుషులతో లోపలికి వచ్చినాడు, ఇద్దర్నీ ఆడికాడనే కాల్చేసినారు. చంపాలా వద్దా అని ముందు రాత్రి వెండి నాణెం ఎగరేసి చూసుకున్నాడు అని ఒక కథ కూడా చెప్తారు, నిజమో పుకారో. తెల్లారినాక చచ్చిపోయిన ఇద్దరి ఇండ్లకీ తలా పదివేలు పంపించినాడంట, ఖర్చులకని.

ఆ పదివేల దగ్గర నేను ఆగిపోయినా. ఇట్లాంటి కథలు మనకు కొత్త కాదు కదా. భోంచేసి పో అని పిలిచేది, పులుల మధ్య కూర్చోబెట్టేది, చంపినాక ఇంటికి డబ్బు పంపేది, దాన్ని మర్యాద అనుకునేది. మన సైడు ఊర్లలో అరుగుల మీద కూర్చోని పాత ముచ్చట్లు చెప్పే ముసలాయన ఎవురైనా ఈ హాల్లో నిలబడితే, బోర్డు చదవకుండానే ఇక్కడ ఏదో జరిగింది అంటాడు. ఒక చైనా తాత మనవన్ని ఎత్తుకోని కుడిపక్క పులి కండ్లు చూపిస్తాండాడు, పిల్లోడు ఏడుపు లంకించుకున్నాడు, ఆయన నవ్వుతా మావైపు తిరిగి ఏదో అన్నాడు. పాప చెప్పింది, మీ దేశంలో నిజం పులులు ఉంటాయి కదా, మీకేం భయం అంటాండాడంట. నల్లమలలో ఉంటాయి తాతా, మా ఇంటికాడ్నుంచి బస్సులో పోవచ్చు అని చెప్పమన్నా.

తండ్రి గురించి ఇంకొకటి. 1925లో ఆయన సేనాపతి ఒకాయన తిరగబడినాడు, ఓడిపోయి చచ్చినాడు, ఆయన పెట్టెల్లో ఈయన మనుషులు లోపాయికారీగా రాసుకున్న ఉత్తరాలు దొరికినాయి. దొర చదవకుండా అందరి ముందర కాల్చేసినాడు అంటారు. ఎవురెవురు నమ్మకద్రోహం చేసినారో తెలిస్తే అందర్నీ చంపాల్సొస్తాది, చంపితే సైన్యం ఉండదు. బందిపోటు అని తీసిపారేస్తారు గానీ ఈ లెక్క ఎంత చదివితే వస్తాది? ఆ పెద్ద మేడ వెనక కువాన్ దేవుని గుడి ఉంది, ఎర్ర ముఖం, పొడుగు గడ్డం, మాట తప్పని వీరుడు అని చైనా వాళ్లు కొలుస్తారు, దొర ఆడ దండం పెట్టేవాడు. యూనివర్సిటీ కూడా పెట్టించినాడు, 1923లో, ఇప్పటికీ నడుస్తాంది.

అన్నీ మంచివే చెప్పుకుంటా పోతే ఎట్ల. ఆయన వరస యుద్ధాలకు డబ్బు యాడ్నుంచి వచ్చింది? నోట్లు అచ్చు కొట్టినాడు. సోయాబీన్ పండించే రైతులకు ఆ కాగితం ఇచ్చి పంట కొనేది, దాన్ని బయట జపాన్ డబ్బుకు అమ్ముకునేది, ఆ డబ్బుతో తుపాకులు. ఏడాదేడాదికి నోటు విలువ పడిపోతా పోతా చివరికి రైతు చేతిలో కట్టలు మిగిలినాయి, వాటికి సరుకు రాదు. సీమ రైతుకు దీన్ని విడమర్చి చెప్పాలా. ఆ పక్కనే ఉన్న బ్యాంకు బిల్డింగులోకి పోయినప్పుడు ఇది మనసులో పెట్టుకోని పోండి. 1930లో కట్టింది, ఇప్పుడు డబ్బుల మ్యూజియం చేసినారు, కౌంటర్లలో మళ్లీ మైనం బొమ్మలు, గడ్డాలోళ్లూ టోపీలోళ్లూ లావాదేవీలు చేస్తా ఉంటారు. గది మాత్రం ఎత్తు ఎత్తు స్తంభాలతో బ్రహ్మాండంగా ఉంది. కాళ్లు నొప్పిగా ఉంటే ఇది వదిలేసినా పర్లేదు.

ఎర్ర బిల్డింగుల సంగతి ఏందంటే కొడుకు కట్టించడం మొదలుపెట్టినాడు, పూర్తయ్యేది చూడలేదు. 1931 సెప్టెంబర్ 18 రాత్రి జపాన్ వాళ్లే వాళ్ల రైలు పట్టా మీద చిన్న బాంబు పెట్టుకోని, మీరే పెట్టినారు అని ఊరి మీద పడినారు, తెల్లారేసరికి షెన్యాంగ్ వాళ్ల చేతిలో ఉంది. చిన్నదొర అప్పుడు బీజింగ్‌లో ఉండాడు, ఎదురు తిరగొద్దండి అని సైన్యానికి చెప్పినాడు. ఆ మాట ఆయన్ని జీవితమంతా వదల్లేదు. ఇప్పటికీ ప్రతి ఏడూ సెప్టెంబర్ 18న ఆ ఊర్లో సైరన్లు మోగిస్తారు, పాప వాళ్లు మొదటిసారి విన్నప్పుడు హడలిపోయినారంట, ఎవురూ ముందు చెప్పలేదు పాపం.

ఆ తర్వాత ఆయన చేసింది ఇంకో పెద్ద పని. 1936 డిసెంబర్ 12న సియాన్ ఊర్లో, సాక్షాత్తు చియాంగ్ కైషేక్‌నే పట్టుకోని కట్టడి చేసినాడు, ఇంట్లో ఇంట్లో కమ్యూనిస్టులతో కొట్లాడేది ఆపి ముందు జపాన్‌తో కొట్లాడు అని. రెండు వారాలకు వదిలేసినాడు, వదలడమే కాకుండా మర్యాదగా ఆయన వెంట విమానంలో ఆయన రాజధాని నాన్జింగ్ కూడా పోయినాడు. ఆడ దిగంగానే అరెస్టు. 35 ఏళ్ల మనిషి, మళ్లీ స్వేచ్ఛగా బయట తిరిగేసరికి దాదాపు 90. 1946లో తైవాన్ తీసుకుపోయినారు, అక్కడ కూడా కాపలా మధ్యనే. చివరికి అమెరికా పోయి హవాయి దీవుల్లో ఉండి 2001లో నూరేండ్లకు పోయినాడు. ఈ ఇంటికి మళ్లీ రానే లేదు. ఎగ్జిబిషన్ రూముల్లో ముసలితనం ఫోటోలు ఉంటాయి, ఊలు టోపీ, నల్ల కండ్లద్దాలు, గేటు బయట విగ్రహానికీ ఆ మనిషికీ పోలికే ఉండదు.

గోడ బయట ఉండే ఇంటి కథ కూడా అదే. జావ్ యీదీ అని తియాంజిన్ పిల్ల, ఇంట్లోవాళ్లను కాదనుకోని ఈయన కోసం వచ్చేసింది. ఈయనకప్పటికే పెండ్లై పిల్లలు. లోపల భార్య హోదా ఇయ్యకుండా గోడకు బయటిపక్క మేడ ఇచ్చినారు, అందంగానే ఉంటుంది, రెండంతస్తులు. తీరా చూస్తే అన్నేండ్ల కట్టడిలో ఆయన పక్కన నిలబడింది ఈమే, 1964లో గానీ పెండ్లి కాగితం మీద ఎక్కలేదు, అప్పటికి ఆమెకు యాభై దాటినాయి. మొదటి భార్య జబ్బు చేసి 1940లో అమెరికా పోయింది, మళ్లీ రాలేదు. ఈ మేడలో మెట్లు ఇరుకు, నిలువుగా ఉంటాయి, చీర కట్టుకోని ఎక్కేవాళ్లు చూసుకోండి.

వస్తా వస్తా పాప అడిగింది, నాయినా మన కర్నూల్ నవాబు ఇల్లు యాడుంది అని. ఏం చూపిస్తా? 1839లో కంపెనీ వాళ్లు గులాం రసూల్ ఖాన్ కోట మీద పడి, దాచిపెట్టిన ఫిరంగులు పట్టుకోని, ఆయన్ని తిరుచిరాపల్లి పంపినారు, ఆ మరుసటేడే ఆడ ఆయన హత్యకు గురైనాడు. మిగిలింది కొండారెడ్డి బురుజు, దాని ముందర ట్రాఫిక్ సిగ్నలు. ఆ నవాబు యాడ పడుకున్నాడో, ఏ రూములో మందీ మార్బలంతో మాట్లాడినాడో చూపించే ఒక్క గది మనకు లేదు. షెన్యాంగ్ వాళ్లకు ఆ గదులు మిగిలినాయి, జపాన్ వాళ్లు ఆక్రమించుకోని లైబ్రరీ చేసినా కూడా గోడలు మిగిలినాయి, అదృష్టం.

ఇంక పనికొచ్చే ముక్కలు. టికెట్టు యాభై యువాన్ల లోపే, ఆ విలువకు దండిగా చూపిస్తారు. పాస్‌పోర్టు ఒరిజినల్ దగ్గర పెట్టుకోండి, టికెట్టుకు అడుగుతారు, జిరాక్స్ చూపించి వాదించొద్దు. డబ్బులు ఇయ్యడానికి ఎక్కువగా ఫోన్లో స్కానింగే, పిల్లల ఫోను ఉంటే సులువు. మెట్రో మొదటి లైనులో జోంగ్‌జియే అనే స్టేషన్లో దిగితే నడుచుకుంటా పోవచ్చు, ఆ వీధి షెన్యాంగ్ పాత బజారు, దగ్గర్లోనే మంచూ రాజుల కోట కూడా ఉంది, 1625లో మొదలుపెట్టింది, యునెస్కో లిస్టులో ఉంది. రెండూ ఒకే రోజు చూస్తాం అని దిగితే రెండూ సగం సగం అవుతాయి, పొద్దున బంగళా పెట్టుకోని కోట ఇంకో రోజు పెట్టుకోండి. మే మొదటి వారం, అక్టోబర్ మొదటి వారం వాళ్ల సెలవులు, దేశమంతా అక్కడే ఉంటుంది, ఆ రోజుల్లో వద్దు. చలికాలం సంగతి చెప్పాలా, జనవరి రాత్రులు మైనస్ ఇరవై కిందికి పోతాది, మే నెల ఎండలకు అలవాటు పడిన కర్నూల్ ఒళ్లు అది తట్టుకోదు. ఏప్రిల్ చివర, సెప్టెంబర్ బాగుంటాయి.

తిండికి ఆ బజారులోనే 1829 నుంచి ఉన్న కుడుముల హోటలు ఉంది, లావోబియాన్ అని. మాంసంలో పంది ఎక్కువ, తిననోళ్లు ముందే చెప్పించుకోండి, గుడ్డూ ఆకుకూరా పెట్టి చేసే రకం అడిగితే ఇస్తారు. వేడివేడిగా బాగుంటాయి, కారమే ఉండదు. మా ఆవిడ పర్సులోంచి నల్లకారం పొట్లం తీసి అద్దుకుంటే పక్క టేబులు పిల్లలు ఇద్దరు వచ్చి రుచి చూసి నీళ్ల కోసం పరుగెత్తినారు. పెద్దోళ్లను తోలుకుపోతే వాకిళ్లు, చిన్న మేడ కింది అంతస్తు, పులుల హాలు చూపించి తోటలో బెంచీ మీద కూర్చోబెట్టండి, మిగతా మెట్లన్నీ మీరు ఎక్కి రండి.